ఒకటిన్నరకు పండుకునే మిషను

పోయిన ఎండాకాలంలో ఒక మనిషి మా మిద్దెపై గదిలో ఉండాలా, ఖాళీ చేసి పోవాలా అన్నది నా మాట మీద తేలింది. నేను మాట్లాడే మనిషిని కాను. బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేటప్పుడు తప్ప నా గొంతు ఎవరికీ పెద్దగా వినిపించదు. ఏదైనా చెప్పాలనిపిస్తే డైరీలో రాసుకుంటాను, అంతటితో అది తీరిపోతుంది. అలాంటిదాన్ని ఒక శనివారం వంటింట్లో బెండకాయలు తరుగుతూ నాలుగు మాటలన్నాను. వాటిని వెనక్కి తీసుకోవడానికి నేను పడిన అవస్థే ఇది.

డోన్‌లో మాది అంగడి మీద ఇల్లు. కింద నాయన విత్తనాల అంగడి, దాని మీద మేము, మా మీద మిద్దె. మిద్దెకు ఉత్తరాన బాడుగకిచ్చిన గది ఒకటుంది. తూర్పున నీళ్ల ట్యాంకు, దక్షిణాన రోడ్డు. పడమటివైపు మోకాలెత్తు పిట్టగోడ, అవతల పక్కింటివాళ్ల మిద్దె. ఆ గోడను ఎవరూ అడ్డంగా లెక్కపెట్టరు. వాళ్ల వడియాలు మా వైపు ఎండుతాయి, మా మిరపకాయలు వాళ్ల వైపు ఎండుతాయి.

ఆ మిద్దె మధ్యలో నా టెలిస్కోపు ఉంటుంది. నేను చూసేది సింహరాశిలోని ఒక ఎర్ర నక్షత్రాన్ని. అది నెలల తరబడి వెలుగుతూ, ఆరుతూ ఉంటుంది. రోజూ ఫోటో తీసి దాని వెలుగు ఎంతుందో పక్క నక్షత్రాలతో పోల్చి రాయాలి. ఒక్కరోజు చూస్తే ఏమీ తెలియదు, ఒక ఏడాది చూస్తే తెలుస్తుంది. నాకు నచ్చింది అదే. కానీ ఇంట్లో ఒక నియమం ఉంది. రాత్రి పది దాటాక నేను మిద్దె మీద ఉండకూడదు. గదిలో బాడుగకు బ్రహ్మచారి ఉన్నాడు కాబట్టి ఆ నియమం మరీ గట్టిది.

అందుకే టెలిస్కోపు తన పని తానే చూసుకునేలా చేయాల్సి వచ్చింది. అది కూర్చునే స్టాండుకు రెండు మోటార్లు ఉన్నాయి, అవి నక్షత్రం వెంట దాన్ని నెమ్మదిగా తిప్పుతుంటాయి. ఎవరూ ఆపకపోతే తిరిగి తిరిగి గొట్టం స్టాండు కాలికి గుద్దుకుంటుంది, మోటారు పళ్లు అరిగిపోతాయి. కాబట్టి నక్షత్రం బాగా కిందికి దిగే వేళకు, అంటే ఒకటిన్నరకు, ఫోటోలు ఆపి, కెమెరా ఆర్పి, గొట్టాన్ని ఒక స్థిరమైన చోటికి తెచ్చి, మోటార్లు నిలిపేయాలి. ఇవన్నీ వరుసగా చేసేలా అరచేతిలో పట్టేంత కంప్యూటరుకు నేనే ప్రోగ్రాం రాశాను. దీన్ని పార్కింగ్ అంటారు. మా అమ్మ మాత్రం ‘పండుకోవడం’ అంటుంది. పొద్దున కాఫీ ఇస్తూ, “నీ మిషను టయానికి పండుకునిందా? నువ్వు పన్నెండు దాకా లైటేసుకొని చదువుతాంటివే” అనేది.

ఆ స్థిరమైన చోటు ఎక్కడ అన్నది చలికాలంలో ఆలోచించి పెట్టాను. గొట్టం ఆకాశంలోకి లేచి ఉంటే అద్దం మీద దుమ్ము పడుతుంది, గాలికి ఊగుతుంది. అందుకని అడ్డంగా పడుకోబెట్టాను. దక్షిణాన రోడ్డు దుమ్ము. ఉత్తరాన బాడుగ గది కిటికీ. నక్షత్రం ఎలాగూ పడమటికే దిగుతుంది కాబట్టి గొట్టం కూడా అటే వాలితే తిరిగే దూరం తక్కువ. పడమట అప్పుడు ఏముంది, ఖాళీ మిద్దె. మాఘమాసం చలిలో వారం రోజులు పరీక్షించి, ఏ తప్పూ లేదని డైరీలో రాసుకున్నాను.

ఏప్రిల్‌లో తప్పులు మొదలయ్యాయి.

ఒక పొద్దున ఆరింటికి టెలిస్కోపు మీద గుడ్డ కప్పుదామని వెళ్తే గొట్టం పడమటికి లేదు. పక్కకు తిరిగి ట్యాంకు మూలను చూస్తోంది. కంప్యూటరులో చూస్తే ఒకటిన్నరకు పార్కింగ్ సరిగ్గా పూర్తయిందని ఉంది. ప్రోగ్రాంలో లోపమేమో అని మూడు రోజులు దాన్నే వెతికాను. నాలుగో రోజు మళ్లీ అంతే. చేత్తో బలంగా నెడితే మోటారు తిరగకుండానే గొట్టం జారుతుంది, ఆ జారిన సంగతి కంప్యూటరుకు తెలియదు. రోజూ నేను చేత్తో మళ్లీ పడమటికి సర్దిపెట్టినా వేలెడు తేడా మిగులుతుంది, మర్నాడు రాత్రి అది నక్షత్రం అనుకొని దాని పక్కకు చూస్తుంది. ఆ వారం ఫోటోల్లో నా ఎర్ర నక్షత్రం ఒక్కదానిలోనూ లేదు.

ఎవరో ముట్టుకుంటున్నారు. ఆ మాట డైరీలో రాసి కింద గీత గీశాను.

ఎవరో అని రాశాను కానీ నా మనసులో ఉన్నది ఒక్కడే. గదిలో ఉండే ఆయన గూడ్సు బండ్ల మీద గార్డు. ఊరు మైదుకూరు దగ్గర. డ్యూటీకి వేళాపాళా ఉండదు, రాత్రి పన్నెండుకో రెండుకో వస్తాడు. వచ్చి మొహం కడుక్కుని, మిద్దె మీద కాసేపు అటూ ఇటూ నడిచి పడుకుంటాడు. చలికాలంలో ఒకసారి నన్నడిగాడు, “మేడం, దీంట్లో స్టేషన్ సిగ్నల్ కనిపిస్తాదా?” అని. నేను తల అడ్డంగా ఊపి దిగిపోయాను. ఆ ప్రశ్న ఇప్పుడు గుర్తొచ్చింది. కనిపిస్తుందేమో చూసుకుంటున్నాడు అనుకున్నాను.

అప్పటినుంచి ఆయన్ను కనిపెట్టడం మొదలుపెట్టాను. నా పడక మెట్ల పక్క గదిలో. ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే ఫోనులో టైం చూసి, పొద్దున డైరీలో ఎక్కించేదాన్ని. సోమవారం ఒకటీ ఇరవై. మంగళవారం రెండుంపావు. బుధవారం రాలేదు. టెలిస్కోపు కదిలి ఉందా లేదా అన్నది ఇంకో పేజీలో. ఈ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన రాలేదు. పిల్లలకు రోజూ రెండు వరుసలు పోల్చడమే చెబుతాను, అయినా రాలేదు. దొంగ ఎవరో ముందే తెలిసిపోయాక ఇంకా పోల్చడమెందుకు?

ఆయన మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకొనేవాడు. తప్పు చేసినవాడు కాబట్టే తప్పుకొంటున్నాడు అనుకున్నాను. ఒకరోజు నవ్వాడు. ఎందుకు నవ్వాడో అని ఆ రాత్రంతా ఆలోచించాను.

ఆ శనివారం మధ్యాహ్నం పక్కింటి పెద్దమ్మ వచ్చింది. వాళ్లది సేద్యం ఇల్లు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. చిన్నకోడలు ఆ మాఘంలోనే కాపురానికొచ్చింది. పెద్దమ్మ వంటింటి గడపలో కూర్చుని, నా వైపు ఒకసారి చూసి, అమ్మ చెవి దగ్గరికి వంగింది. పెండ్లికాని పిల్ల వినకూడని మాటలు మా ఇళ్లల్లో అలాగే చెప్పుకుంటారు, ఆ పిల్లకు అంతా వినబడుతూనే ఉంటుంది.

“మీ బాడుగాయప్ప సంగతి నీకు తెలుసునా?”

“ఏమైందక్కా?”

“ఏం జెప్పేది. ఎండలకు మేమంతా మిద్దె మీదే గదా పండుకుంటాండేది. నడిరేయి గుర్ర్‌మని చప్పుడు. లేచి చూస్తే ఆ దుర్బిణి మా తట్టే తిరుగుతాండాది. తిరిగి తిరిగి మా పడకల మీదికే వచ్చి నిలబడుతుంది. చిన్నకోడలు రెండు దినాల నుంచి దుప్పటి ముసుగు తీయలేదు. ఈ ఉడుకులో!”

“ఆయప్పనే అని ఎట్లంటావు?”

“ఇంకెవరు? చీకట్లో చెంబు చప్పుడు, చెప్పుల చప్పుడు. నా పెద్దకొడుకుతో చెబితే కొట్లాట అయితాదని నీకు చెబుతాండా.”

అప్పుడే నేను నోరు తెరిచాను. కత్తిపీట మీద చెయ్యి ఆపి, తలెత్తకుండానే, “నా మిషను కూడా ఆయనే కదిలిస్తాండాడు, పెద్దమ్మా” అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. “నువ్వు చూసినావా?” అంది అమ్మ.

చూడలేదు. “రోజూ” అన్నాను.

చూశానని అనలేదు, చూడలేదని కూడా అనలేదు. ఎప్పుడూ మాట్లాడని పిల్ల మాట్లాడింది కాబట్టి అది సాక్ష్యమైపోయింది. సాయంత్రానికి నాయనకు తెలిసింది. “ఈ రేత్రి ఏ యాళకొచ్చి పోతాడో. రేపు సాయంత్రం డ్యూటీ దిగి రానీ. గది ఖాళీ చెయ్యమని చెబుతా. ఇంగ ఈ వీధిలో ఎవరిస్తారో చూస్తా” అన్నాడు. డోన్ చిన్న ఊరు. ఆడవాళ్లు పడుకున్న మిద్దె వైపు చూశాడన్న మాట స్టేషను దాకా వెళ్లడానికి ఒక్క పూట చాలు. నాకది తెలుసు. తెలిసీ ఆ రాత్రి నాకు భయం వేయలేదు. గెలిచినట్టే అనిపించింది.

గెలుపు గట్టిగా ఉండాలని ఇంకో పని కూడా చేశాను. పది కాకముందే పైకి వెళ్లి, స్టాండు చుట్టూ మూరెడు వెడల్పున ముగ్గుపిండి పల్చగా జల్లాను. మిద్దె సున్నం తెల్లగానే ఉంటుంది, చీకట్లో తెలియదు. పొద్దునకు మగవాడి పాదం అచ్చుపడి ఉంటుంది, నాయనకు చూపించవచ్చు.

ఆదివారం తెల్లవారి వెళ్లేసరికి గొట్టం ట్యాంకు వైపు తిరిగి ఉంది. పిండిలో నాలుగు అడుగులు ఉన్నాయి. సంతోషంగా వంగి చూశాను. చిన్న పాదం. మడమ దగ్గర పగుళ్ల గీతలు. రెండో వేలు అచ్చు మధ్యలో అడ్డంగా తెగి ఉంది, మెట్టె ఉన్నచోట.

అమ్మ మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కి ఏడాదయింది. అడుగులు పడమటి పిట్టగోడ నుంచి వచ్చి, మళ్లీ పిట్టగోడకే పోయాయి.

తర్వాత గొట్టాన్ని దాని పార్కింగ్ స్థానానికి తెచ్చి, వెనక్కి వెళ్లి, దాని పొడవునా కన్ను పెట్టి చూశాను. మొదటిసారి చూశాను. పక్కింటి మిద్దె మీద చుట్టిపెట్టిన బొంతలు, దోమతెర మంచం, తలగడ పక్కన ఎవరిదో వాడిపోయిన మల్లెచెండు. సరిగ్గా మంచం నడుమకు చూస్తోంది నా మిషను. మాఘంలో ఖాళీగా ఉన్న మిద్దెను చూసి నేను పెట్టిన స్థానం అది. మే నెలలో డోన్‌లో ఎవరూ ఇంట్లో పడుకోరన్నది పుట్టినప్పటినుంచీ నాకు తెలిసిన సంగతి. మేమూ నా చిన్నప్పుడు, గది బాడుగకివ్వకముందు, ఈ మిద్దె మీదే పడుకున్నాం. తెలిసిన సంగతే తలకు తట్టలేదు.

కిందికి వచ్చి డైరీలో ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టాను. బుధవారం ఆయన రాలేదు, గుంతకల్లు బండి మీద పోయాడు. గురువారం టెలిస్కోపు కదిలి ఉంది. పోయిన వారం రెండు రోజులు ఊర్లోనే లేడు. ఆ రెండు పొద్దులూ కదిలి ఉంది. ఆయన మీద సాక్ష్యమని రాసిపెట్టుకున్నదంతా ఆయన తప్పులేదనే చెబుతోంది.

నాయనకు వెంటనే చెప్పి ఉండాల్సింది. అంగడి గడప దాకా మూడుసార్లు వెళ్లాను. ఎవరో రైతు కూర్చుని ఉన్నాడు, ఎవరో విత్తనాల సంచి బేరమాడుతున్నాడు. ప్రతిసారీ ఒక కారణం దొరికింది, వెనక్కి వచ్చాను.

సాయంత్రం ఐదింటికి ఆయన వచ్చాడు. నాయన ఆయన వెంటే మిద్దె ఎక్కాడు. గొంతు వినబడగానే పిట్టగోడ అవతల పెద్దమ్మ, ఆమె పెద్దకొడుకు లేచి నిలబడ్డారు. అతనికి ఎవరు చెప్పారో తెలియదు. నేను మెట్ల చివర నిలబడ్డాను, ఫోను చేతిలో పట్టుకుని.

“ఏమప్పా, మా ఇంట్లో ఆడబిడ్డలుండారని తెలిసే గది తీసుకుంటివి గదా” అన్నాడు నాయన.

“ఏమైందన్నా?”

“ఏమైందని మమ్మల్నడుగుతాండావా?” పెద్దకొడుకు పిట్టగోడ దాటి వచ్చాడు. “రేత్రి దుర్బిణిలో ఏం చూస్తాండావ్? సినిమానా?”

ఆయన చేతిలోని సంచి కింద పెట్టాడు. “నేను దాన్ని ముట్టుకోలేదన్నా. మా అమ్మ మీద ఒట్టు.”

“పాపనే చెప్పింది, రోజూ కదిలిస్తాండావని” అన్నాడు నాయన.

అప్పుడు ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. తెలుసు అన్నట్టు. నేల మీద ఇంకా మిగిలిన ముగ్గుపిండిని చూపించి, “ఇది నా కోసమే గదా మేడం. రాత్రి టార్చిలో చూసి చుట్టు తిరిగి పోయినా” అన్నాడు.

చేతిలో ఫోను ఉంది. అందులో కంప్యూటరుకు పార్కింగ్ ఆదేశం ఇచ్చే బొత్తాం ఉంది. గుడ్డ తీసేసి, ఫోనుతోనే గొట్టాన్ని ఆకాశంలోకి ఎత్తించి, అందరికీ దూరంగా ట్యాంకు దగ్గరికి వెళ్లి నిలబడి నొక్కాను.

గుర్ర్‌మంది. గొట్టం నెమ్మదిగా వంగింది, తిరిగింది. అందరూ చూస్తుండగా, ఎవరి చెయ్యీ తగలకుండా, పడమటికి వాలి పక్కింటి దోమతెర మంచానికి ఎదురుగా ఆగింది.

“అమ్మా! దెయ్యం పట్టినట్టు తిరుగుతాండాదే ఇది!” అంది పెద్దమ్మ.

“నేనే అట్ల పెట్టినా” అన్నాను. “ఒకటిన్నరకు. మీరు పైన పండుకుంటారని మతికి రాలేదు. ఆయన ముట్టుకోలేదు. ఆయన ఊర్లో లేని దినాల్లో కూడా తిరిగింది. రాసి పెట్టినా. పొద్దున్నే దాన్ని వెనక్కి తిప్పింది ఎవరో…” అక్కడ ఆగిపోయాను.

పెద్దమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. “నేనే పాపా. లేస్తానే దాని మూతి అటు తోస్తాంటి. మళ్లీ రేత్రికి ఇటే వస్తాండె. ఆయప్పకు ఎంత పట్టుదలో అనుకుంటి.” నవ్వబోయి కొడుకు మొహం చూసి ఆపేసింది.

కొడుకు నవ్వలేదు. “అయితే చూస్తాండింది నువ్వా? దీనికి కెమెరా ఉండాది గదా. ఫోటోలు చూపియ్యి.”

“వాళ్ల పాప మీద కూడా అనుమానమేందిరా?” అంది పెద్దమ్మ.

“చూపియ్యనీమ్మా.”

ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాను. ఇటువైపు తిరిగేముందే కెమెరా ఆరిపోతుందని చెప్పాను, అతను వినలేదు. ఒక్కో ఫోటో జరుపుతూ పోయాడు. నల్లటి తెర, తెల్లటి చుక్కలు. ఇంకో నల్లటి తెర. నలభై దాకా చూసి, “ఇదేంది, నువ్వులు ఆరబోసినట్టుండాది. దీనికోసమా ఇంత?” అన్నాడు. అన్నాడే గానీ ఇంకో ఇరవై జరిపాడు. నాయన పక్కన నిలబడి, తన కూతురి ఫోటోలను పరాయివాడు వెతుకుతుంటే మీసం తుడుచుకుంటున్నాడు. వెతికించుకోవడం ఎలా ఉంటుందో నాకు ఆ పావుగంటలో తెలిసింది.

ఆఖరికి ల్యాప్‌టాప్ మూసి అతను పిట్టగోడ దాటి వెళ్లిపోయాడు. నాయన గార్డు వైపు తిరిగి, “సరేలేప్పా, ఏదో పొరపాటు. నీకు మనసు రాకుంటే వేరే గది చూసుకున్నా ఏమనుకోను” అన్నాడు.

“ఇప్పుడు పోతే ఆ మాట నిజమైతాది గదన్నా” అన్నాడు ఆయన. “ఉంటాను. స్టేషన్లో మీరెవరికైనా చెప్పింటే మాత్రం, కాదని కూడా మీరే చెప్పాల.”

నాయన చెప్పి ఉన్నాడు. టీ అంగడి దగ్గర ఒకరికి. ఆ ఒక్కరిని వెతుక్కుంటూ మరునాడు పొద్దున్నే వెళ్లాడు. మా నాయన ఎవరి దగ్గరా మాట వెనక్కి తీసుకోవడం నేనెన్నడూ చూడలేదు. వచ్చాక నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, “చూడనిది చూసినట్టు చెప్పబాకు, అంతే” అన్నాడు.

పార్కింగ్ స్థానం మార్చాను. ఇప్పుడు గొట్టం పడమటి నుంచి వెనక్కి, మిద్దె అంతా దాటి, తూర్పున ట్యాంకు గోడ వైపు వస్తుంది. ఎక్కువ దూరం తిరగాలి, దారిలో కేబులు చుట్టుకుంటుంది. దానికి వారం పట్టింది. పగటిపూటే, పెద్దమ్మను పిలిచి ఆమె ఎదుటే పది సార్లు తిప్పి చూపించాను. చిన్నకోడలు కూడా వచ్చి చూసింది. ఆ రాత్రి ముసుగు లేకుండా పడుకుందని పెద్దమ్మ మర్నాడు అమ్మతో చెప్పింది, ఈసారి చెవిలో కాదు, గట్టిగానే.

గార్డు గదికి పడమటివైపు కూడా ఒక చిన్న కిటికీ ఉంది. అది తెరిస్తే పక్కింటి మిద్దె కనిపిస్తుంది. ఆ ఆదివారం నుంచి అది మూసే ఉంది. మే నెల. రేకు తలుపు, సిమెంటు కప్పు. లోపల ఎలా ఉంటుందో ఊహించగలను. ఒక సాయంత్రం గుడ్డ తీయడానికి వెళ్లినప్పుడు ఆయన బయట బకెట్ దగ్గర చొక్కా పిండుకుంటున్నాడు. నేను రోజుల తరబడి కూడబెట్టుకున్న మాట బయటికి తీశాను.

“కిటికీ తెరుచుకోండి. ఇప్పుడు ఎవురూ ఏమీ అనుకోరు.”

ఆయన చొక్కా దులిపి తీగ మీద వేశాడు. “మీరు అనుకోరు మేడం. సరే. వాళ్లు?”

“వాళ్లు కూడా.”

“వాళ్లను అడిగినారా?”

అడగలేదు. గోడ దాటి పోయి ఆ ఇంట్లో అందరి ఎదుటా ఆ మాట అడగాలంటే ఎవరెవరు ఏమేమి అనుకుంటారో అని నేను అప్పటికే లెక్కలు వేసుకున్నాను. ఆయనకు ఆ లెక్కలు నాకన్నా బాగా తెలుసు. “పోనీలెండి” అని గదిలోకి వెళ్లాడు.

తొలకరి పడేదాకా ఆ కిటికీ తెరుచుకోలేదు. అప్పటికి పక్కింటివాళ్లు పడకలు కిందికి దించుకున్నారు.